సఖీర్ పందాలు, మన మౌనం

2023 మార్చి నెలలో పదిహేను రోజుల తేడాతో గల్ఫ్ ప్రాంతంలో రెండు ఫార్ములా వన్ కారు పందాలు జరిగాయి. 5వ తేదీన బహ్రెయిన్‌లోని సఖీర్‌లో ఒకటి, 19వ తేదీన జిద్దాలో మరొకటి. క్రీడల గురించి ఈ పత్రిక సంపాదకీయం రాయడం అరుదు. కానీ ఈసారి మన ఇళ్లలోని పిల్లలు కూడా ఆ పందాలను ఆసక్తిగా చూశారు. అందుకు కారణం ఉంది. ఫిబ్రవరి 11న హుసేన్ సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ మార్గ్ మీద ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఆ పోటీల వరుసలో హైదరాబాద్‌కు ముందు మజిలీ సౌదీ అరేబియాలోని దిరియా. అక్కడ పరుగెత్తిన కార్లే రెండు వారాలకు మన నగరానికి వచ్చాయి. కాబట్టి ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట అని తోసిపుచ్చే వీలు మనకు లేదు.

పందెం చూడవద్దని పిల్లలకు చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ పందెం ఎవరి గడప ముందు జరుగుతున్నదో, ఆ గడపలోపల ఏం జరిగిందో పెద్దలమైన మనం తెలుసుకోవాలన్నదే మా మాట. ముఖ్యంగా బహ్రెయిన్ సంగతి. ఎందుకంటే అక్కడి పాలకులు ముస్లింలు, బాధితులూ ముస్లింలే. ఇలాంటి చోటనే మన నాలుక తడబడుతుంది.

2011 నాటి సంగతులు ముందుగా గుర్తు చేసుకుందాం. 2011 ఫిబ్రవరి 15న మనామా నగరంలోని పెర్ల్ చౌరస్తాకు వేలమంది చేరారు. చౌరస్తా మధ్య ఆరు కమానుల మీద ఒక పెద్ద ముత్యం నిలిపిన స్తూపం ఉండేది. బహ్రెయిన్ పరిసర సముద్రం ముత్యాలకు ప్రసిద్ధి. మన పత్తర్‌గట్టి దుకాణాల్లో బస్రా ముత్యాలుగా పేరుపొందినవి ఆ గల్ఫ్ నీటి నుంచి వచ్చినవే. చౌరస్తాలో చేరిన జనం మొదట అడిగింది రాజ్యాంగబద్ధమైన పాలన, ఎన్నికైన ప్రభుత్వం. దేశ జనాభాలో షియాలు అధికసంఖ్యాకులు, రాజవంశం సున్నీ. పోలీసు కొలువుల్లో, సైన్యంలో, ఇళ్ల కేటాయింపుల్లో తమపై వివక్ష సాగుతున్నదని షియాలు ఏళ్ల తరబడి మొర పెట్టుకుంటూనే ఉన్నారు. అయితే తొలి రోజుల్లో ఆ చౌరస్తాలో సున్నీలు కూడా ఉన్నారన్నది మరువరాదు. ఫిబ్రవరి 17న తెల్లవారకముందే నిద్రిస్తున్న జనం మీద పోలీసులు విరుచుకుపడ్డారు. మార్చి 14న సౌదీ నాయకత్వంలోని గల్ఫ్ సేనలు సముద్రపు వంతెన దాటి వచ్చాయి. మరునాడు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 18వ తేదీన ఆ ముత్యపు స్తూపాన్నే కూల్చివేశారు. అది నిలిచిన చోటు కూడా జ్ఞాపకంగా మిగలకూడదని కాబోలు!

ఆ ఏడాది మార్చి 13న సఖీర్‌లో జరగవలసిన పందాన్ని యువరాజే వద్దనుకున్నారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. జూన్ 3న అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య సమావేశమై, బహ్రెయిన్‌లో పరిస్థితి చక్కబడిందని తీర్మానించి, పందాన్ని అక్టోబరు 30కి మార్చింది. ఆ తేదీ మన దేశంలో మొట్టమొదటి ఫార్ములా వన్ పందానికి కేటాయించినది. గ్రేటర్ నోయిడా పందాన్ని ఏడాది చివరికి నెట్టి సఖీర్‌కు చోటిచ్చారు! చివరకు జట్లు ఒప్పుకోకపోవడంతో బహ్రెయిన్ తానే వెనక్కు తగ్గింది, గ్రేటర్ నోయిడాకు తన తేదీ తనకు దక్కింది. జట్ల అభ్యంతరం ప్రధానంగా ప్రయాణాల గురించి, సరుకు రవాణా గురించి. ఖైదీల గురించి గొంతెత్తిన డ్రైవర్లను వేళ్ల మీద లెక్కించవచ్చు.

పరిస్థితి ఎంత చక్కబడిందో ఆ నవంబరులో బహ్రెయిన్ రాజు స్వయంగా నియమించిన విచారణ సంఘమే చెప్పింది. ప్రఖ్యాత ఈజిప్టు న్యాయశాస్త్రవేత్త షరీఫ్ బస్యూనీ దానికి అధ్యక్షులు. రెండు నెలల వ్యవధిలో 35 మంది మరణించారని, వారిలో ఐదుగురు నిర్బంధంలో చిత్రహింసల వల్ల ప్రాణాలు కోల్పోయారని నివేదిక నమోదు చేసింది. మృతుల్లో ఐదుగురు భద్రతా సిబ్బంది ఉన్నారని, దక్షిణాసియా కూలీల మీద కూడా దాడులు జరిగాయని అదే నివేదిక చెప్పింది. దాన్ని దాచడం మాకు ఇష్టం లేదు. నిరసనలకు వెళ్లారన్న నెపంతో నాలుగు వేల మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. గాయపడినవారికి కట్టు కట్టిన సల్మానియా ఆసుపత్రి వైద్యులను, నర్సులను సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టారు. సఖీర్ పందెం మైదానంలో పనిచేసే ఉద్యోగులు కూడా అరెస్టయ్యారు, తొలగింపునకు గురయ్యారు.

పాఠకులు ఒక క్షణం ఆగి చదవవలసిన భాగం ఆ నివేదికలో మరొకటి ఉంది. అల్లర్ల కాలంలో కూల్చివేసిన 30 ప్రార్థనా స్థలాలను ఆ సంఘం పరిశీలించింది. అవి షియా మస్జిదులు, వారి ఇతర పవిత్ర స్థలాలు. ఆఅలీ గ్రామంలో వందల ఏళ్ల చరిత్ర ఉన్న బర్బగీ మస్జిద్ వాటిలో ఒకటి. కూల్చివేతకు ప్రభుత్వం చెప్పిన కారణం ఏమిటో తెలుసా? అవి అనుమతి లేని కట్టడాలట!

ఈ మాట మనకు కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో ఖర్గోన్‌లో విన్నాం. అదే నెలలో జహంగీర్‌పురిలో మస్జిద్ గేటు దాకా బుల్డోజర్ వచ్చినప్పుడు విన్నాం. జూన్‌లో ప్రయాగ్‌రాజ్‌లో ఒక కుటుంబం ఇల్లు నేలమట్టమైనప్పుడు విన్నాం. ఘర్షణ జరిగిన మరునాడే కాగితాలు లేవని గుర్తుకు రావడం, ఆ కాగితాల తనిఖీ ఒక వర్గపు వీధుల్లోనే మొదలుకావడం ఎలాంటిదో మనకు ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు. అయినా మనామా పొలిమేరల్లో ఆ యంత్రాలు మస్జిదుల మీదికి కదిలినప్పుడు మన సభలు ఎన్ని తీర్మానాలు చేశాయి? మన పత్రికలు ఎన్ని పేజీలు కేటాయించాయి? బుల్డోజర్ నడిపించిన చేయి కలిమా చదివిన చేయి అయితే రాలే ఇటుక చప్పుడు మనకు వినిపించదా?

ఇక పందెం సంగతి. 2012 ఏప్రిల్ 22న సఖీర్‌లో కార్లు మళ్లీ పరుగెత్తాయి. పందెం పేరుతో దేశమంతా ఒక్కటైందన్న నినాదాన్ని రోడ్ల పొడవునా పెద్ద పెద్ద బోర్డుల మీద రాశారు. అప్పటికి హక్కుల కార్యకర్త అబ్దుల్ హాదీ అల్ ఖవాజా యావజ్జీవ శిక్ష అనుభవిస్తూ జైలులో రెండు నెలలకు పైగా నిరాహారంగా ఉన్నారు. ఆ దీక్ష 110 రోజులు సాగింది. పందానికి ముందురోజు ఉదయం షఖూరా గ్రామంలో ఒక ఇంటి కప్పు మీద సలాహ్ అబ్బాస్ అనే నిరసనకారుడి మృతదేహం దొరికింది. క్రీడా విలేకరులకు వీసాలు దొరికాయి, వార్తా విలేకరులలో చాలామందికి దొరకలేదు. దొంగచాటుగా పనిచేస్తున్నారని బ్రిటన్ చానెల్ ఫోర్ బృందాన్ని పందెం రోజునే పట్టుకొని దేశం దాటించారు. చక్రాలు తిరగడాన్ని లోకం చూడవచ్చు, వీధి మలుపు తిరిగి చూడకూడదు. ఆ వీసాల పట్టికలోనే ఏర్పాటంతా ఉంది.

భారతదేశపు పేరు మోసిన జట్టుకు కూడా అందులో ఒక పాత్ర దక్కింది. విజయ్ మాల్యా భాగస్వామిగా ఉన్న ఫోర్స్ ఇండియా సిబ్బంది మైదానం నుంచి తిరిగి వస్తుండగా వారి కారు పోలీసులకు, నిరసనకారులకు మధ్య చిక్కుకుంది. పెట్రోలు బాంబు దగ్గర్లోనే పడింది. ఎవరికీ గాయాలు కాలేదు. ఇద్దరు సిబ్బంది ఇంటికి వెళ్లిపోయారు. చీకటి పడకముందే బసకు చేరాలని ఆ జట్టు శుక్రవారం రెండో సాధనకు దిగలేదు. మరునాటి అర్హత పోటీ ప్రసారంలో ఆ జట్టు కార్లు దాదాపు కనిపించనే లేదు. భయపడినవారిని సైతం తెర మీద నుంచి తప్పించారని అప్పట్లో విమర్శ వచ్చింది. ఇక భయంలోనే బతుకుతున్న షఖూరా, దిరాజ్, సిత్రా గ్రామాల మీద కెమెరా ఎందుకు తిరుగుతుంది?

పందెం కేవలం పందెమే, రాజకీయాలతో దానికి సంబంధం లేదని నిర్వాహకులు చెబుతారు. నజా యూసుఫ్ కథ విన్నాక ఆ మాట నిలవదు. ఆమె నలుగురు పిల్లల తల్లి. 2017లో సఖీర్ పందాన్ని విమర్శిస్తూ ఫేస్‌బుక్‌లో రాశారు. ఆ ఏప్రిల్‌లోనే అరెస్టు చేశారు. విచారణలో తనను కొట్టారని, లైంగికంగా వేధించారని ఆమె చెప్పారు. మరుసటి ఏడాది మూడేళ్ల శిక్ష పడింది. శిక్షకూ పందానికీ సంబంధం లేదని ప్రభుత్వం వాదించింది. ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం మాత్రం ఆ నిర్బంధం అక్రమమని తేల్చింది. 2019 ఆగస్టులో రాజు క్షమాభిక్షతో ఆమె బయటకు వచ్చారు. మానవ హక్కులను గౌరవిస్తామని ఫార్ములా వన్ యాజమాన్యం 2015లోనే లిఖితపూర్వకంగా మాట ఇచ్చి ఉంది. ఆ మాట ఇచ్చిన తరువాతే ఇదంతా జరిగింది. సఖీర్ ఒప్పందాన్ని 2022లో 2036 వరకు పొడిగించారు కూడా.

ఏ దేశం మచ్చలేనిది, అలా చూస్తే లోకంలో ఎక్కడా పందెం జరగదు కదా అని అడిగేవారు ఉన్నారు. న్యాయమైన ప్రశ్న. దానికి మా జవాబు హైదరాబాద్ నుంచే మొదలవుతుంది. ఫిబ్రవరిలో కార్లు తిరిగిన దారి కొత్త సచివాలయం పక్కనుంచి సాగింది. ఆ ఆవరణలో పాత భవనాలను పడగొట్టినప్పుడు, 2020 జూలైలో, రెండు మస్జిదులు, ఒక గుడి కూడా నేలకూలాయి. మనం నిలదీశాం. సభలు పెట్టాం, పత్రికల్లో రాశాం, నాయకులను ప్రశ్నించాం. అప్పటి ముఖ్యమంత్రి విచారం వ్యక్తం చేసి ప్రభుత్వ ఖర్చుతో కట్టిస్తామన్నారు. 2023 మొదట్లో నిర్మాణం ఇంకా సాగుతూ ఉండేది, మనం అడుగుతూనే ఉన్నాం. పందెం కోసం రోజుల తరబడి రోడ్లు మూసినందుకు నగరవాసులు బాహాటంగానే విసుక్కున్నారు. ఈ డబ్బు ఎవరిది, ఈ ఆర్భాటం ఎవరి కోసమని కొందరు అడిగారు. అడిగి ఇంటికి వెళ్లి నిద్రపోయారు. మన దేశంలో అంతా సవ్యంగా ఉందని చెప్పడానికి కాదు ఈ మాట. ఫేస్‌బుక్‌లో రాసినందుకు మన యువకులు జైళ్లలో మగ్గుతున్నారని ఈ పత్రికే ఎన్నోసార్లు రాసింది. కానీ ఒక పందాన్ని తూచడానికి దేశం మొత్తం చరిత్ర తిరగేయనవసరం లేదు. ఆ పందెం మాకు వద్దు అన్న మనిషికి ఏమవుతుందో చూస్తే చాలు. సఖీర్‌లో ఏమయిందో నజా యూసుఫ్‌ను అడగవచ్చు.

రెండో అభ్యంతరం మన వర్గం నుంచే వస్తుంది. ఇదంతా పాశ్చాత్యుల కుట్ర, అరబ్బు దేశాల్లో పందాలు జరిగితేనే వారికి మానవ హక్కులు గుర్తొస్తాయని అంటారు. అందులో సగం నిజం. 2003లో ఇరాక్ మీద బాంబులు కురిపించిన కొన్ని నెలలకే బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్‌లో, అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ఫార్ములా వన్ పందాలు యథావిధిగా జరిగాయి. వాటిని ఆపాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేస్తే, మరునాడే సోచి పందం జరగదని ప్రకటించారు. వారం గడవకుండానే ఒప్పందమే రద్దు చేశారు. 2015 నుంచి యెమెన్ మీద బాంబులు వేస్తున్న సౌదీలో మాత్రం 2021 డిసెంబరులో కొత్తగా పందెం ప్రారంభించారు. 2022 మార్చి 12న సౌదీ ప్రభుత్వం ఒక్క రోజున 81 మందికి మరణశిక్ష అమలు చేసింది. 25వ తేదీన, సాధన జరుగుతుండగానే, జిద్దా మైదానానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని అరాంకో చమురు కేంద్రం మీద హూతీ క్షిపణి పడి నల్లటి పొగ లేచింది. డ్రైవర్లు అర్ధరాత్రి దాటేదాకా చర్చించుకున్నారు. 27న పందెం జరిగింది. అరాంకో ఆ పోటీలకే ప్రధాన ప్రాయోజకుల్లో ఒకటి. సోచికి ఒక తూకం, జిద్దాకు ఒక తూకం. ఉక్రెయిన్ పిల్లల ప్రాణం విలువ తెలిసినవారికి యెమెన్ పిల్లల ప్రాణం విలువ తెలియలేదు.

కాబట్టి పాశ్చాత్యుల తూకం దొంగ తూకమే. కానీ దుకాణదారు తూకంలో మోసం చేస్తే వేరొక తక్కెడ తెచ్చుకుంటాం. మనమూ మోసం చేయడం మొదలుపెట్టం. సాక్ష్యం చెప్పేటప్పుడు బంధుత్వం చూడరాదని, తల్లిదండ్రులకైనా, తమకైనా వ్యతిరేకంగా న్యాయం పక్షాన నిలవాలని మన దీన్ నేర్పింది.  రాత్రి తరావీహ్‌లో వినే ఆదేశం పగలు పత్రిక తెరిస్తే మరచిపోదామా?

షియా, సున్నీ అన్న గీత గీసి తప్పుకునేవారితో మాకు ఎక్కువ మాటలు అనవసరం. దారుల్‌షిఫా వీధుల్లో ముహర్రం పదో రోజున బీబీ కా ఆలం ఊరేగింపుకు నీళ్లు పంచే చేతుల్లో సున్నీల చేతులు, హిందువుల చేతులు కూడా ఉంటాయి. బహ్రెయిన్ చర్చ వచ్చినప్పుడు మాత్రమే ఆ చేతులు విడిపోనవసరం లేదు.

క్రీడను ఆపి ఏం సాధిస్తామన్న ప్రశ్నకు చరిత్రలో జవాబు ఉంది. 1974లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌కు చేరిన భారత జట్టు ఎదుట ఉన్నది జాతివివక్షా పాలనలోని దక్షిణాఫ్రికా. మన దేశం ఆడలేదు. కప్పు పోయింది. ఆ నిరాకరణకు ఈనాటికీ మనం సిగ్గుపడవలసిన పని లేదు. 1985 అక్టోబరులో అత్యవసర పరిస్థితి నడుస్తున్న దక్షిణాఫ్రికాలోని క్యాలామీలో ఫార్ములా వన్ పందెం జరిగింది. ఫ్రాన్సుకు చెందిన రెనో, లిజియే జట్లు వెళ్లలేదు. ఆ తరువాత 1992 దాకా ఆ దేశంలో ఆ పందెం జరగలేదు. జాతివివక్ష పోయింది పందెం ఆగినందుకు కాదు, అక్కడి ప్రజల పోరాటం వల్ల. అయితే అంతా సవ్యంగా ఉందన్న బోర్డు పెట్టుకునే అవకాశం ఆ పాలకులకు ఒకటి తగ్గింది. సఖీర్‌లో ఆ బోర్డే ఏటా కొత్త రంగులతో వెలుగుతున్నది.

డ్రైవర్లలో కదలిక లేకపోలేదు. 2020లో బహ్రెయిన్ ఖైదీల ఉత్తరాలు లూయిస్ హామిల్టన్‌కు చేరాయి. మరణశిక్ష పడిన ఒక ఖైదీ కొడుకు హామిల్టన్ కారు బొమ్మ గీసి తండ్రిని కాపాడమని పంపాడు. వాటిని చూడనట్టు ఉండలేనని హామిల్టన్ బహిరంగంగానే చెప్పారు. ఆయన ఉత్తరాలు చదివారు, మాట్లాడారు. సమాఖ్య స్పందన ఏమిటో చూడండి. 2022 డిసెంబరులో తన నిబంధనలు మార్చి, రాజకీయ వ్యాఖ్యలకు ముందస్తు లిఖిత అనుమతి తప్పనిసరి చేసింది. విమర్శలు రావడంతో 2023 ఫిబ్రవరిలో కొన్ని వివరణలు ఇచ్చింది గాని, నిబంధన అలాగే ఉంది. ఆ సమాఖ్యకు ఇప్పుడు అధ్యక్షుడు ఒక అరబ్బు, మహమ్మద్ బిన్ సులాయెమ్. ఆ పదవికి మన ప్రాంతం వారు ఎన్నికైనందుకు ఆనందించిన పాఠకులు ఆ అనుమతి నిబంధనను కూడా చదవాలి.

మేము కోరేది అసాధ్యమైనదేమీ కాదు. పందెం ఒప్పందం కుదిరే ముందు అక్కడి హక్కుల సంఘాలను, ఖైదీల కుటుంబాలను కలిసి వినాలి. పందెం వారంలో వార్తా విలేకరులకు కూడా వీసాలు ఇవ్వాలన్నది ఒప్పందంలోనే రాయాలి. పందాన్ని విమర్శించినందుకు ఒక్కరిని శిక్షించినా మరుసటి ఏడు కార్లు అక్కడ దిగకూడదు. సోచి ఒప్పందాన్ని వారంలో రద్దు చేయగలిగినవారికి ఇది చేతకాని పని కాదు. మన దేశం నుంచి జట్లు, ప్రాయోజక సంస్థలు ఈ పోటీల్లోకి మళ్లీ అడుగుపెడితే వారిని కూడా ఇదే అడగాలి. దిరియా నుంచి నేరుగా హైదరాబాద్‌కు వచ్చిన పోటీని ఆహ్వానించేటప్పుడు మన ప్రభుత్వమూ అడగవచ్చు. అడిగినట్టు మేమెక్కడా చదవలేదు.

చివరగా గల్ఫ్‌లో ఉన్న మన కుటుంబాల గురించి ఒక మాట. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అక్కడ రెక్కలు ముక్కలు చేసుకుంటున్నారు. వారు పంపే రూపాయితోనే ఇక్కడ ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నది, ఆడపిల్లల నికాహ్‌లు జరుగుతున్నాయి. ఆ కొలువులు పోతాయేమోనన్న భయంతోనే మనలో చాలామంది నోరు మెదపరు. ఆ భయాన్ని మేము తేలికగా చూడం. యజమాని చేతిలో పాస్‌పోర్టు ఉన్న మనిషిని నినాదం ఇవ్వమని అడిగే హక్కు ఎవరికీ లేదు. అక్కడున్నవారు మౌనంగా ఉండనివ్వండి. మాట్లాడవలసినది ఇక్కడ కూర్చున్న మనం.

అబ్దుల్ హాదీ అల్ ఖవాజా అరెస్టయి 2023 ఏప్రిల్‌కు పన్నెండేళ్లు. ఆయన ఇంకా జైలులోనే ఉన్నారు. వచ్చే సంచిక నుంచి ఆయనతో మొదలుపెట్టి బహ్రెయిన్ ఖైదీల గురించి నెలకు ఒక పేజీ ప్రచురిస్తాం. గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన పాఠకులు తాము చూసినది రాసి పంపితే వేసుకుంటాం. వారి పేర్లు, ఊర్లు అచ్చువేయం.